ఉన్ని వడికెడి చేతులు

పాఠ్యభాగము: నిర్గమకాండము 35:22-26, సామెతలు 31:13, 19



ప్రత్యక్ష గుడారమునకు కొందరు బంగారము తెచ్చిరి. స్త్రీలు తాము వడికిన నూలును తెచ్చిరి. మేకవెండ్రుకలు వడికినవారిని సహా లేఖనము మరువలేదు.

మన కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో ఈ పనిని కురుమలు బాగుగా ఎరుగుదురు. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నిని కత్తిరించి, ఏకి, స్త్రీలు రాట్నముపై వడుకుదురు. పురుషులు పడుగునకు చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గముపై గొంగడి నేయుదురు. అది వానకాలమున నెత్తిమీద కప్పు, చలికాలమున దుప్పటి, ఎండకాలమున పడక.

ఒక కురుమ అవ్వ యొద్ద కూర్చుండి నేనును వడికి చూచితిని. తొందరపడితిని, దారము తెగెను. అవ్వ నవ్వి, "తెగితే ఏమాయె అయ్యగారూ, రెండు కొసలు కలిపి మెలి పెట్టుండ్రి" అనెను. మరల దారము సాగినప్పుడు కలిగిన సంతోషము ఇంతంత కాదు.

అయితే నేడు మాంసము కొరకు ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలను పెంచువారు ఎక్కువైరి. మిల్లు దుప్పట్లు చవుకగా దొరకుచున్నవి. కత్తిరించిన ఉన్నికి కొనువారు లేక అనేకులు పారవేయుచున్నారు. అవ్వలతో కూడ ఈ విద్యయు పోవునేమో!

కాబట్టి యౌవనులారా, ఈ చలికాలమున ఒక్క సాయంకాలమైనను మీ ఊరి అవ్వ యొద్ద కూర్చుండి నేర్చుకొనుడి. గొంగడి కొనునప్పుడు బేరమాడక, దాని వెనుకనున్న చేతులను తలంచుడి.

ఆలోచించుడి: మన ఇంటిలో తెగిన దారమేది? దాని కొసలను కలుపుటకు మొదట చేయి చాపవలసినది ఎవరు?