లెక్కల మాస్టారు కట్టిన మెట్లు

1982లో అమెరికాలో ఒక పరీక్ష ఫలితం పెద్ద గొడవకు దారితీసింది. తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని గార్ఫీల్డ్ హైస్కూల్ నుంచి పద్దెనిమిది మంది పిల్లలు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కాల్‌క్యులస్ పరీక్ష రాస్తే పద్దెనిమిది మందీ పాసయ్యారు. కాలేజీలో చెప్పే లెక్కల్ని హైస్కూల్లోనే నేర్చుకుని రాసే పరీక్ష అది. గార్ఫీల్డ్‌లో చదివేవాళ్లలో ఎక్కువమంది మెక్సికో మూలాలున్న పేద ఇళ్ల పిల్లలు. కొన్ని జవాబుల్లో ఒకే రకం తప్పులు కనిపించేసరికి పరీక్ష పెట్టిన సంస్థ పద్నాలుగు మందిని అనుమానించింది. మళ్లీ రాసి చూపించమంది. పన్నెండు మంది ఒప్పుకుని కూర్చున్నారు. పన్నెండు మందీ గట్టెక్కారు.

వాళ్లకు పాఠం చెప్పిన మాస్టారి పేరు హైమె ఎస్కలాంటే. ఆయన కథతో 1988లో 'స్టాండ్ అండ్ డెలివర్' అనే సినిమా వచ్చింది. మంచి సినిమా. కానీ అది చూసినవాళ్ల మనసులో ఒక పొరపాటు అభిప్రాయం ఉండిపోతుంది. గొప్ప మాస్టారు ఒకాయన వచ్చి, గుండె కదిలేలా నాలుగు మాటలు చెబితే చాలు, భిన్నాలు కూడా రాని పిల్లలు ఏడాది తిరిగేసరికి కాల్‌క్యులస్ చేసేస్తారని. జరిగింది అది కాదు. ఆ జరిగిందేమిటో తెలిస్తేనే ఆయన జీవితం మనకు పనికొస్తుంది.

ఎస్కలాంటే 1930లో బొలీవియాలోని లా పాజ్‌లో పుట్టారు. తల్లిదండ్రులిద్దరూ టీచర్లు. ఆయన కూడా అక్కడ ఫిజిక్సు, లెక్కలు చెప్పేవారు. ముప్పై దాటాక అమెరికా వెళ్తే ఆ అనుభవానికి విలువ లేకపోయింది. హోటల్లో నేల తుడిచారు. వంట చేశారు. తర్వాత ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తూ, రాత్రిళ్లు చదువుకుని, టీచరు అర్హత మళ్లీ మొదటి నుంచి సంపాదించారు. 1974లో గార్ఫీల్డ్‌లో చేరారు. అక్కడి పిల్లల స్థాయి చూసి ఎంత నిరుత్సాహపడ్డారంటే, పాత కంపెనీకి ఫోన్ చేసి నా ఉద్యోగం నాకు మళ్లీ ఇస్తారా అని అడిగారు. అంతలో ఆల్జీబ్రా నేర్చుకుంటామని ముందుకొచ్చిన పిల్లలు పన్నెండు మంది దొరికారు. ఆ పన్నెండు మంది కోసం ఆగిపోయారు.

కాల్‌క్యులస్ క్లాసు మొదలైంది 1978లో. అంటే చేరిన నాలుగేళ్లకు. మొదటిసారి ఐదుగురు రాస్తే పాసైంది ఇద్దరే. మరుసటి ఏడాది తొమ్మిది మందిలో ఏడుగురు. 1981లో పదిహేను మందికి పద్నాలుగు మంది. ఆ తర్వాతే సినిమాలో చూపించిన ఆ పద్దెనిమిది మంది. ఈ అంకెల్ని తొందరపడకుండా ఒకసారి చదవండి. ఐదుగురిలో ముగ్గురు తప్పిన రోజున, ఈ పిల్లలకు ఇంతకంటే రాదు అనేయడానికి ఆయనకు కావలసినంత సాకు ఉంది. ఆయన మాత్రం లోపం ఎక్కడుందో చూశారు. పన్నెండో తరగతిలో పై మెట్టు ఎక్కమంటున్నాం, కింద మెట్లే లేవు. అందుకని ఆల్జీబ్రా, జామెట్రీ, త్రికోణమితి గట్టిగా చెప్పే తోటి టీచర్లను కూడగట్టారు. వేసవి సెలవుల్లో దగ్గరలోని ఈస్ట్ లాస్ ఏంజెలెస్ కాలేజీలో క్లాసులు పెట్టించారు. నన్నడిగితే ఆయన చేసిన అసలు పని ఇదే. స్ఫూర్తి అంటే మనం ఉపన్యాసం అనుకుంటాం. ఆయన స్ఫూర్తి మాత్రం టైం టేబుల్లో ఉంది.

ఉత్సాహపరచడం ఆయనకు రాదని కాదు. సినిమాలో ఒక దృశ్యం ఉంది. మాస్టారు వంటవాడి వేషంలో క్లాసులోకొచ్చి, పెద్ద కత్తితో యాపిల్ పళ్లు కోసి పిల్లలకు పంచుతాడు. నీ పండులో ఎంత ఉంది, ఎంత పోయింది అని ఒక్కొక్కరినీ అడుగుతాడు. నవ్వుతూనే పిల్లలు శాతాల్లోకి దిగిపోతారు. అయితే ఆ నవ్వుల వెనక ఆయన పెట్టిన షరతులు కఠినం. హోంవర్కు తప్పకుండా చేస్తామని పిల్లలూ, చేయిస్తామని తల్లిదండ్రులూ సంతకం పెట్టాలి. బడికి ముందు రావాలి, బడి అయ్యాక ఉండాలి. మంచి మార్కులు వచ్చినవాళ్లనే ఏరి తీసుకోవడం ఆయన పద్ధతి కాదు. కష్టపడతానంటే ఎవరైనా రావచ్చు. వచ్చాక మాత్రం సడలింపు లేదు.

ఇక్కడే చాలామంది మంచి మనుషులు పొరబడతారు. ఇంట్లో ఇబ్బందులున్న పిల్లాడని తెలియగానే మనం మెత్తబడతాం. ఇన్ని కష్టాల్లో పాపం వాడేం చదువుతాడులే, పాసు మార్కులొస్తే చాలు అంటాం. ప్రేమతోనే అంటాం. పిల్లాడికి మాత్రం అందులో నీ వల్ల కాదన్న మాటే వినిపిస్తుంది. డబ్బున్న ఇంటి పిల్లాడికి ముప్పై మార్కులొస్తే ట్యూషన్ పెట్టిస్తారు. పేదింటి పిల్లాడికి అవే మార్కులొస్తే ఓదారుస్తారు. ఓదార్పు తప్పని నేననను. దానితోపాటు రేపు పొద్దున ఏడింటికి రా, ఈ చాప్టర్ మళ్లీ చేద్దాం అని కూడా అనాలి. ఆ రెండో మాట అన్నవాడినే పిల్లాడు జీవితాంతం తలుచుకుంటాడు.

మొదట్లో బడి యాజమాన్యం ఎస్కలాంటేకు అడ్డుపడింది. మరీ పెందలాడే వస్తున్నారు, మరీ ఆలస్యంగా వెళ్తున్నారు అని ఒక అధికారి హెచ్చరించారు కూడా. హెన్రీ గ్రాడిల్లాస్ ప్రిన్సిపాల్‌గా వచ్చాక గాలి మారింది. అంతకుముందు తేలిక లెక్కలతో సరిపెట్టుకుంటున్న పిల్లల్ని ఆయన ఆల్జీబ్రా వైపు మళ్లించారు. 1987 నాటికి గార్ఫీల్డ్‌లో 73 మంది మొదటి స్థాయి కాల్‌క్యులస్, మరో 12 మంది ఆ పై స్థాయి పాసయ్యారు. ఆ తర్వాత గ్రాడిల్లాస్ వెళ్లిపోయారు. 1991లో ఎస్కలాంటే కూడా శాక్రమెంటో నగరానికి వెళ్లిపోయారు. కొన్నేళ్లకే ఆ ఫలితాలు పడిపోయాయి. ఇది చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఒక్క మనిషి అంకితభావం మీద బడిని నిలబెట్టి, ఆయన్ని కాపాడుకోవడం మాత్రం మరిచిపోయారు. మన ఊళ్లో మంచి మాస్టారు ఉంటే ఆయనకు సన్మానం చేయడం కంటే, పెందలాడే వచ్చి తెరుచుకునేలా క్లాసు గది తాళంచెవి ఇవ్వడం, తోడుగా మరో టీచర్ను వేయించడం ఎక్కువ మేలు.

ఎస్కలాంటే క్లాసులో కూర్చున్న ఎరికా కమాచో పెద్దయ్యాక అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో గణిత ప్రొఫెసర్ అయ్యారు. కంటి రెటీనాలోని కణాలు ఎలా దెబ్బతింటాయో లెక్కలతో పరిశోధించారు. తనలా కింది నుంచి వచ్చిన విద్యార్థులకు దారి చూపినందుకు అమెరికా అధ్యక్షుడి పేరిట ఇచ్చే పురస్కారం కూడా అందుకున్నారు.

ఇది చదువుతున్న మీరు టీచరు కాకపోవచ్చు. మీ వీధిలోనో, మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి ఇంట్లోనో తొమ్మిదో తరగతి పిల్లాడు ఒకడు లెక్కలంటే దడుచుకుంటూ ఉండే ఉంటాడు. వాడికి పదో తరగతి గైడు కొనివ్వకండి. కాగితం, పెన్సిల్ ఇచ్చి రెండు భిన్నాలు కూడమనండి. రాకపోతే ఆరో తరగతి పుస్తకం తెచ్చి అక్కడ మొదలుపెట్టండి. వారానికి మూడు సాయంత్రాలు, అవే రోజులు, అదే టైము. మొదటి నెల్లో మార్కులు మారకపోతే కంగారు పడకండి. వాళ్లమ్మతో మాత్రం ఒకసారి మాట్లాడి, ఆ గంటసేపు వాడికి వేరే పని చెప్పకుండా ఒప్పించండి.