ఇసుకలో తొలిగీత

బాలకృష్ణుడు మన్ను తిన్నాడని బలరాముడును గోపబాలురును యశోదతో చెప్పిరి. ఆమె కోపించి నోరు చూపుమనెను. చూచినంతనే ఆ చిన్ని నోటిలో ఆమెకు బ్రహ్మాండమంతయు గోచరించెను. భాగవత దశమస్కంధములోని ఈ కథ తెలియని వైష్ణవ గృహము లేదు. పసివాని చేతిమట్టిని చూచి దండించుటకు ముందు క్షణమాగి చూడవలెనను గృహధర్మము కూడ ఇందు ఇమిడియున్నది. గోడపై బొగ్గుముక్కతో గీతలు గీచిన రెండేండ్ల బిడ్డ విషయమున ఈ ధర్మము మిక్కిలి స్మరణీయము. పెద్దలకు పిచ్చిగీతలుగా తోచునది ఆ బిడ్డకు విద్యారంభమే.

అంతర్వాహిని

ఈ కథను తెలుగువారి నాలుకపై నిలిపిన పోతనామాత్యుని ఇంటిపేరు గల బమ్మెర గ్రామము నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలములో నున్నది. 15వ శతాబ్దికి చెందిన ఆ మహాకవి సహజపాండిత్యుడని ప్రసిద్ధుడు. సహజమనగా తనతోపాటు పుట్టినది. పోతనకు లభించిన వరము అందరికిని లభింపదు. అయినను గీత గీయవలెనను కోరిక మాత్రము ప్రతి శిశువునకును సహజముగనే కలుగుచున్నది.

భూపాలపల్లి జిల్లాలోని కాళేశ్వరమున గోదావరీ ప్రాణహితలు కలియుచోట సరస్వతి అంతర్వాహినియై యున్నదని భక్తుల విశ్వాసము. 2025 మే మాసమున అచట సరస్వతీ పుష్కరములు జరిగినవి. కంటికి కనబడునవి రెండు నదులే. మూడవది లోన ప్రవహించును. శిశువు విద్యయు అట్టిదే. పలకపై అక్షరము కనబడుటకు ఏండ్ల ముందే అది చేతిలోను, కంటిలోను, మనస్సులోను ప్రవహించుచుండును.

చేయి ఎదుగు క్రమము

ఏడాది దాటి ఒకటిన్నర ఏండ్లు వచ్చుసరికి శిశువు బలపమును పిడికిట పట్టి, భుజమంతయు కదలించుచు గీతలు గీయును. తన చేయి కదలినచో గుర్తు పడుచున్నదని తెలిసికొనుటయే అప్పటి ఆనందము. సుమారు రెండేండ్లకు ఎవరైన నిలువుగీత గీచి చూపినచో దానిని అనుకరించును. వైష్ణవ గృహమున తండ్రి నుదుట ఊర్ధ్వపుండ్రమును నిత్యము చూచు బిడ్డకు అదియే మొదటి నామము. మరికొన్ని నెలలకు అడ్డగీత వచ్చును. సుమారు మూడేండ్లకు మొదలును చివరయు కలిసిన సున్న కుదురును. నాలుగేండ్లకు రెండు గీతలు ఖండించుకొను గుర్తు, ఐదేండ్ల నాటికి చతురస్రము, ఆ దరిదాపుల త్రికోణము సాధ్యమగును. బిడ్డకును బిడ్డకును కొన్ని నెలల భేదముండుట సహజము.

మూడు నాలుగేండ్ల నడుమ బిడ్డ వేయు మనిషిబొమ్మ చిత్రమైనది. పెద్ద తల, అందుండియే కాళ్లు, పొట్ట ఉండదు. అది తప్పు కాదు. తనకు ముఖ్యమని తోచినదానినే బిడ్డ చిత్రించుచున్నది.

అమెరికాకు చెందిన రోడా కెలాగ్ అను విదుషి పలుదేశముల పిల్లల చిత్రములను లక్షలాదిగా సేకరించి, 1969లో ప్రచురించిన గ్రంథమున పసిగీతలలో 20 మూలరూపములను గుర్తించెను. పిల్లలు తరచు వేయు, వృత్తములో గీతలు ఖండించుకొను రూపమునకు ఆమె మన మాటనే గ్రహించి మండలమని పేరిడెను. వాకిట ముగ్గులోను, సుదర్శన చక్రములోను మనము కొలుచు ఆకృతి శిశుహస్తమునకు తనంత తానే వచ్చుట గమనింపదగినది.

అక్షరాభ్యాసము ఎప్పుడు?

చౌలకర్మ ముగిసిన పిమ్మట బాలునకు లిపిని, సంఖ్యలను నేర్పవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించుచున్నది. రఘువంశ తృతీయసర్గలో కాళిదాసు రఘుమహారాజునకు ఈ క్రమమునే చెప్పెను. ఐదవయేట విద్యారంభమను సంప్రదాయము మరియొకటి లోకప్రసిద్ధము. నేడు పెక్కుమంది మూడవయేటనో, అంతకు ముందో అక్షరాభ్యాసము చేయించి, మరునాటినుండియే పిల్లవానిచే గీతల పుస్తకము నింపించుచున్నారు. సంస్కారమును మూడవయేట జరిపినను దోషము లేదు. దానిని ఆశీస్సుగా గాక నిర్బంధముగా మార్చుటయే దోషము.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు కలవు. పుట్టిన బిడ్డకు అవి దాదాపు మృదులాస్థులే. ఒక్కొక్కటిగా గట్టిపడి, ఆ క్రమము పూర్తియగుటకు ఎనిమిది పండ్రెండేండ్లు పట్టును. వ్రేళ్ల కండరములును నెమ్మదిగనే బలపడును. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు కలిపి బలపమును నిలుకడగా పట్టుట సామాన్యముగా నాలుగైదేండ్లకు కుదురును. మూడేండ్ల చేతిని గంటలకొలది వ్రాయించినచో అక్షరము రాదు. అక్షరముపై భయము వచ్చును. చండామార్కుల బెదరింపు ప్రహ్లాదునికి ఏమి నేర్పగలిగినది? తల్లి గర్భమున నుండగా నారదుని నోట ప్రీతితో విన్నదే ఆతనికి నిలిచినది గదా!

తెలుగు అక్షరములు వంపులతో, సున్నలతో కూడినవి. చక్కగా సున్న చుట్టగలిగిన చేతికి ఠ, ర, గ మొదలగునవి త్వరగా లొంగును. అకారము అంతకంటె క్లిష్టము. కావున సున్న కుదరక మునుపే ‘అ’ దిద్దలేదని బిడ్డను నిందించుట న్యాయము కాదు.

ఇసుకబడి, తండాబడి

పూర్వము వీధిబడిలో పిల్లలు ఇసుకపై వ్రేలితో ఓనమాలు దిద్దెడివారు. 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర పాఠశాలకు పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ అను క్రైస్తవాచార్యుడు ఒక దేశీయ బడిలో ఈ రీతిని చూచి తన పాఠశాలలో ప్రవేశపెట్టెను. 1797లో ఆయన లండనున దీనిని గ్రంథరూపమున ప్రకటింపగా, అచటి బీదపిల్లల బడులును ఇసుకవ్రాతను స్వీకరించెను. ఇసుక తప్పును దాచుకొనదు. ఒక్క తుడుపుతో క్షమించును.

మహబూబాబాదు జిల్లాలో లంబాడా తండాలు అనేకము. అచటి శిశువునకు ఇంటిభాష గోర్‌బోలి. దానికి తనదైన లిపి లేదు. అంగన్‌వాడీలో వినబడునది తెలుగు. రెండు భాషల నడుమ మౌనముగా కూర్చున్న బిడ్డకు బొమ్మయే మొదటి మాట. తాను గీచిన దానిని చూపుచు ఇంటిమాటలో చెప్పనిచ్చినచో, ఆ వెనుకనే తెలుగుమాటయు వచ్చును. ఏ భాషలో పిలిచినను పలుకు స్వామికి ఇది క్రొత్త కాదు.

గృహస్థులకు సూచన

పళ్లెములో బియ్యమో, సన్నని ఇసుకయో పోసి బిడ్డ ముందుంచుడు. బలపములు పొట్టివిగా నిండు. చిన్నముక్క వ్రేళ్లతోనే పట్టవలసి వచ్చును. పెద్దల కనుసన్నలలో పిండి పిసుకుట, తులసీదళములు కోయుట, పూలు గ్రుచ్చుట చేతికి బలమిచ్చును. “ఇది ఏమి?” అని నిలదీయక “దీని సంగతి చెప్పు నాయనా” అని అడుగుడు. సంస్కారమున కుడిచేత దిద్దించినను, బిడ్డ సహజముగా ఎడమచేతివాటమైనచో పిదప నిర్బంధింపకుడు. రెండేండ్లు నిండినను బిడ్డ వస్తువులను పట్టలేకున్నను, గీతలపై గాని మనుష్యులపై గాని చూపు నిలుపకున్నను, మ్రొక్కుతోపాటు వైద్యుని సలహాయు పొందవలెను.

పోతన పద్యము నడుమ ఆగిపోగా శ్రీరామచంద్రుడే వచ్చి పూరించెనని ఐతిహ్యము. మహాకవి ఘంటమునకే అట్టి సాయము కావలసి వచ్చినప్పుడు, పసివాని బలపమునకు మన ఓర్పు కావలసి వచ్చుట వింతయా? అక్షరమనగా నశింపనిది. దానిని తొందరపెట్ట నక్కరలేదు. ప్రతి ఇంటి చిన్నచేతిని సరస్వతీదేవియు, శ్రీమన్నారాయణుడును చల్లగా నడిపింతురు గాక!