సర్వే నంబర్లలో వంశవృక్షం: గుమ్మఘట్టలో పాత పటాలతో పూర్వీకుల జాడ

గుమ్మఘట్ట మండలంలో ఎవరైనా తమ పూర్వీకుల గురించి వెతకాలనుకుంటే అన్నిటికంటే ముందు తెలియాల్సిన సంగతి ఒకటుంది. 1953కు ముందు ఈ ఊళ్లు అనంతపురం జిల్లాలో లేవు. బళ్లారి జిల్లా రాయదుర్గం తాలూకాలో ఉండేవి. ఈ ముక్క తెలియక అనంతపురం రికార్డుల్లో వెతికి, ఏమీ లేదనుకుని వెనక్కి వచ్చేవాళ్లే ఎక్కువ.

కథ 1800లో మొదలవుతుంది. ఆ ఏడాది నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలనే ఈ సీమకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టర్‌గా థామస్ మన్రో వచ్చి 1807 దాకా ఉన్నాడు. చేను చేనుకూ కొలతలు వేయించి శిస్తు కట్టించింది ఆయనే. 1882లో బళ్లారిని చీల్చి అనంతపురం జిల్లా ఏర్పాటు చేసినప్పుడు రాయదుర్గం తాలూకా బళ్లారిలోనే ఉండిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలుకు, రాయదుర్గం అనంతపురానికి వచ్చాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక గుమ్మఘట్ట మండలమైంది. కాబట్టి మీ తాత పుట్టిన కాలం నాటి తాలూకా వివరాలు కావాలంటే డబ్ల్యూ. ఫ్రాన్సిస్ 1905లో వెలువరించిన అనంతపురం గెజిటీర్ కాదు, 1904లో వెలువరించిన బళ్లారి గెజిటీర్ తీయాలి. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి పాత దస్త్రాల కోసం చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లోనూ బళ్లారి జిల్లా పేరుతోనే అడగాలి.

ఇక పని మొదలుపెట్టేది ఆఫీసులో కాదు, ఇంట్లోని పాత పెట్టె దగ్గర. క్రయపత్రాలు, భాగపరిష్కార పత్రాలు, తనఖా కాగితాలు, శిస్తు రసీదులు, పాసుపుస్తకాలు ఏవి దొరికినా బయటికి తీయండి. వాటిలో అందరూ దాటేసి పోయే భాగం చెక్కుబంది. తూర్పున ఫలానా వాళ్ల చేను, దక్షిణాన వంక, పడమర బండిదారి, ఉత్తరాన మా తమ్ముని భాగం అని నాలుగు దిక్కులూ రాసి ఉంటుంది. కొన్నవాళ్ల పేరూ అమ్మినవాళ్ల పేరూ ఇంట్లో అందరికీ తెలుసు. హద్దుల్లో ఉన్న పేర్లు మాత్రం మరిచిపోయి ఉంటారు. పెదనాయన కొడుకులు, పినతాత సంతతి, ఊరు విడిచి బళ్లారికో బెంగళూరుకో పోయిన దాయాదులు అక్కడే కనిపిస్తారు. పక్కచేను వాళ్లు చాలాసార్లు ఒకే ముత్తాత బిడ్డలు. నాలుగు దిక్కుల పేర్లనూ ఒక కాగితం మీద విడిగా రాసుకోండి.

తర్వాత ఈనాటి సర్వే నంబరు పట్టుకోవాలి. మీభూమి పోర్టల్‌లో అడంగల్, 1బీ, ఎఫ్‌ఎంబీ (చేల కొలతల పుస్తకం), గ్రామ పటం చూడొచ్చు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. అలాంటి ఊరైతే కొత్త నంబరు ఏ పాత నంబరుకు సమానమో సచివాలయం సర్వేయరునో, తహసీల్దారు కార్యాలయాన్నో అడిగి ముందే రాసి పెట్టుకోవాలి. ఆ లంకె తెగిందంటే వెనకటి దారి మొత్తం మూసుకుపోయినట్టే. ఈ ఒక్క పని మాత్రం వాయిదా వేయకండి.

పాత నంబరు చేతికొచ్చాక గ్రామ పటం తెచ్చుకోండి. జిల్లా సర్వే, భూరికార్డుల కార్యాలయంలో నకలుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మద్రాసు సర్వే వాళ్ల గ్రామ పటాలు సాధారణంగా మైలుకు 16 అంగుళాల కొలతలో ఉంటాయి, అంటే పటం మీద అంగుళం నేల మీద 330 అడుగులు. ఊరి పొలిమేర, మూడు ఊళ్ల హద్దులు కలిసేచోట రాయి, చెరువు కట్ట, తూము, వంకలు, బండిదారులు, ప్రతి సర్వే నంబరు చుట్టుగీత అందులో కనిపిస్తాయి. మనుషుల పేర్లు ఒక్కటీ ఉండవు. అది చూసి నిరుత్సాహపడొద్దు. పేర్లు వేరే పుస్తకంలో ఉంటాయి.

ఎఫ్‌ఎంబీ పుటను మాత్రం తీరిగ్గా కూర్చుని చూడాలి. సర్వే నంబరుకు ఒక పుట. చేను ఈ మూల నుంచి ఆ మూలకు ఒక అడ్డగీత లాగి, దాని మీద నుంచి పక్కలకు లంబంగా కొలతలు తీసి ఉంటారు. మూలల్లో చిన్న గుండ్రాలు సర్వే రాళ్లు. గీతల పక్కన రాసిన అంకెలు అడుగులు కావు, లింకులు. గొలుసుకు 100 లింకులు, గొలుసు పొడవు 66 అడుగులు. పది చదరపు గొలుసులు ఎకరా, వెయ్యి చదరపు లింకులు సెంటు. ఈ లెక్క చేతనైతే పాత పత్రంలోని విస్తీర్ణాన్ని పటంతో మీరే సరిపోల్చుకోవచ్చు. చుట్టుగీతకు అవతల రాసినవి ఆనుకుని ఉన్న చేల నంబర్లు. ఇందాక చెక్కుబంది నుంచి రాసుకున్న పేర్లను ఈ నంబర్ల పక్కన పెడితే, ఏ దిక్కున ఎవరి చేను ఉండేదో మొదటిసారి బొమ్మ కడుతుంది.

అసలు విషయం చుట్టుగీతలో లేదు, లోపలి గీతల్లో ఉంది. తర్వాత జరిగిన మార్పులను సాధారణంగా ఎర్ర సిరాతో గీసేవారు. సర్వే నంబరు 112 విస్తీర్ణం 4 ఎకరాల 80 సెంట్లు అనుకుందాం. అది 112-1, 112-2, 112-3గా విడిపోయి ఒక్కొక్కటి ఎకరా 60 సెంట్లు ఉంటే, ముగ్గురు అన్నదమ్ములు పంచుకున్నారని అనుమానించాలి. తర్వాత 112-2 మళ్లీ ఏ, బీగా 80 సెంట్ల చొప్పున చీలితే నడిమివాడికి ఇద్దరు కొడుకులు. పత్రాల్లో బావి వాటా కూడా ఇదే చెబుతుంది. ముందు తరం కాగితంలో బావిలో మూడో వంతు ఉన్నవాళ్లకు తర్వాతి కాగితంలో ఆరో వంతు ఉంటుంది. నీళ్లు కరువైన ఈ సీమలో చేను గట్టు గురించి రాయడం మరిచిపోయినా బావి వంతు రాయడం మరిచిపోరు. సబ్‌డివిజన్ గీతలంటే నేల మీద గీసిన వంశవృక్షమే అని నేను గట్టిగా నమ్ముతాను.

నమ్మకం ఒక్కటే చాలదు, రుజువు కావాలి. చేను చీలినంత మాత్రాన పంపకమే అనుకోకూడదు. సగం అమ్మినా గీత పడుతుంది. వాటాలు సమానంగా లేనిచోట మరీ జాగ్రత్త పడాలి. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి, ఆ నంబరు మీద క్రయం జరిగిందా, భాగపరిష్కారం జరిగిందా, దానపత్రం ఉందా అని చూసుకున్నాకే వంశవృక్షంలో కొమ్మ గీయండి. పసుపు కుంకుమల కింద ఆడబిడ్డకు ఇచ్చిన చేను ఏదైనా కనిపిస్తే దాన్ని వేరుగా గుర్తుపెట్టుకోండి. పట్టాల్లో ఆడవాళ్ల పేర్లు అరుదు. ముత్తవ్వ పేరు తెలిసే చోటు చాలా ఇళ్లకు అదొక్కటే కావచ్చు.

పేర్ల కోసం తీయాల్సిన పుస్తకం రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అంటే ఆర్‌ఎస్‌ఆర్. రెండు భాషల్లో ఉండే ప్రతులను డైగ్లాట్ అంటారు. సర్వే నంబరు, దానికి ముందున్న పైమాషీ నంబరు, ప్రభుత్వ భూమో ఇనామో, మెట్టో మాగాణో, నేల తరం, శిస్తు, పట్టా నంబరు, పట్టాదారు పేరు వరుసగా ఉంటాయి. ఏళ్లు ఫసలీ లెక్కలో ఉంటాయి కాబట్టి 590 కలుపుకోవాలి. ఫసలీ 1310 అంటే 1900 జూలై నుంచి 1901 జూన్ దాకా. ఇది సరిహద్దు సీమ. కొన్ని పాత కాగితాలు కన్నడంలో ఉండే అవకాశం ఉంది. కన్నడం చదవగలిగిన పెద్దమనిషిని పక్కన పెట్టుకోవడం మంచిది. మన మండలంలో అలాంటివారికి కొదవ లేదు.

ఫసలీ 1286, 1287 దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 1876-78 నాటి ధాత కరువు అది. 1882 తర్వాత బళ్లారి జిల్లాగా మిగిలిన ప్రాంతపు జనాభా 1871 లెక్కల్లో 9 లక్షల 11 వేలుంటే 1881 నాటికి 7 లక్షల 26 వేలకు పడిపోయింది. ప్రతి ఐదుగురిలో ఒకరు లేకుండా పోయారన్నమాట. శిస్తు కట్టలేక చేను వదులుకుంటే దాన్ని రాజీనామా అనేవారు, బీడు భూమి కావాలని అడిగితే దర్ఖాస్తు. ఆ ఏళ్ల లెక్కల్లో పట్టాదారు పేరు మారినా, కొత్త వాళ్లు దర్ఖాస్తుతో ప్రవేశించినా, చనిపోయారా వలస పోయారా అన్న ప్రశ్న వేసుకోవాలి. జనం లేక పాడుబడిన ఊళ్లను రెవెన్యూ వాళ్లు బేచిరాక్ గ్రామాలంటారు. పటంలో పొలిమేర ఉండి ఇళ్లు లేని ఊరు మీ చేల పక్కన కనిపిస్తే, మీ ఇంటిపేరు అక్కడిదేమోనని పెద్దలను అడగండి.

ఇంట్లో ఇనాం భూమి మాట ఎప్పుడైనా వినిపించి ఉంటే మీ అదృష్టం బాగున్నట్టే. 1858లో మద్రాసులో ఇనాం కమిషన్ పెట్టి, ఇనాములన్నిటినీ విచారించి, ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు రాశారు. ఇనాం ఎవరిచ్చారు, ఏ సేవకు ఇచ్చారు, అనుభవిస్తున్నది ఎవరు, వాళ్ల వయసెంత అన్న వివరాలు అందులో ఉంటాయి. పూజారి, కరణం, రెడ్డి, తలారి, నీరుగంటి కుటుంబాలకు 1860ల దాకా వెనక్కి వెళ్లే దారి ఇది. గుడి మాన్యం, తలారి మాన్యం గ్రామ పటంలో ఎక్కడున్నాయో గుర్తుపడితే ఆ కాలపు ఊరు ఎటు పెరిగిందో కూడా అర్థమవుతుంది.

ఇప్పుడు పెద్ద పటం. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లలో ఈ ప్రాంతం 57 బీ కిందికి వస్తుంది. కొత్త షీట్లు వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్‌లో దొరుకుతాయి. మైలుకు అంగుళం లెక్కన వేసిన పాత షీటు దొరికితే దానికి సాటి లేదు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వేదవతి నదిని, అంటే మన హగరిని, వేలితో వెంబడించండి. స్వాతంత్ర్యం వచ్చాక కట్టిన భైరవానితిప్ప ప్రాజెక్టు జలాశయం కొత్త షీటులో నీలంగా పరుచుకుని ఉంటుంది. దానికి ముందు నాటి షీటులో అక్కడ బాటలు, చేలు, గట్లు ఉంటాయి. పైన కర్ణాటకలో 1907లో పూర్తయిన వాణివిలాస సాగరం వల్ల కిందికి నీళ్లు తగ్గిన సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. ముంపులో భూమి పోయిన కుటుంబాలకు భూసేకరణ అవార్డు కాగితాలు ముఖ్యం. యజమాని పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, పరిహారం అన్నీ ఒకేచోట దొరుకుతాయి.

రెండు పటాలను ఒకదాని మీద ఒకటి పరచడం ఇప్పుడు కష్టమైన పని కాదు. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్‌లో కానీ, గూగుల్ ఎర్త్‌లో కానీ పాత పటం బొమ్మను ఎక్కించి, కదలని గుర్తులు నాలుగైదు ఎంచుకోవాలి. గుడి, చెరువు తూము, గుట్ట శిఖరం, పొలిమేర రాయి బాగా పనికొస్తాయి. వంకలను నమ్ముకోకండి, అవి దారి మారుస్తాయి. హగరి ఒడ్డున అయితే గాలికి లేచే ఇసుక చేలనే కప్పేస్తుంది.

ఆ పటం పట్టుకుని ఊరికి పోయి, పెద్దలను పిలుచుకుని చేల మీద నడవండి. కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే రాని పేర్లు గట్టు మీద నిలబడితే వస్తాయి. మర్రిమాను చేను, కుంటకింద మడి, అవ్వగారి చేను లాంటి పేర్లు ఏ రిజిస్టరులోనూ ఉండవు. అక్కడికక్కడే పటం మీద పెన్సిలుతో రాసి, చెప్పినవారి పేరూ తేదీ వేయండి.

పటానికి అందనివి కూడా ఉన్నాయి.   మన గ్రామ పటంలో ఊరంతా గ్రామకంఠం అన్న ఒక్క ముక్క. ఇళ్ల హద్దులు ఉండవు. అంతకంటే బాధాకరమైనది, భూమి లేని కుటుంబాలు ఈ పటాల్లో దాదాపు కనిపించవు. తరతరాలుగా అదే మట్టిలో పనిచేసినా పట్టా లేకపోతే పుస్తకంలో పేరు లేదు. అలాంటి వారికి సేవా ఇనాములు, స్వాతంత్ర్యం తర్వాత ఇచ్చిన డీ పట్టాలు, బడి అడ్మిషన్ రిజిస్టర్లు, శ్మశానం పోరంబోకు నంబర్లు ఆధారం. వాటిని కూడా చెక్కుబంది చూసినంత శ్రద్ధగానే చూడాలి. హద్దుల్లో ఎక్కడైనా మాదిగవాడ దారి, బోయగేరి బాట అని రాసి ఉంటే ఆ వాడ ఆనాడు ఎక్కడుండేదో తెలిసిపోతుంది.

1984లో గ్రామాధికారుల పదవులు రద్దయినప్పుడు కరణాల దగ్గరున్న లెక్కలు చేతులు మారాయి. మిగిలిన వాటిని చెదలు, చెమ్మ తినేస్తున్నాయి. అడిగినా రికార్డు చూపకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాల్సిందే. అంతకంటే ముందు, ఈ వారమే మీ ఇంట్లో ఉన్న పాత పత్రాలను మడతలు విప్పి, వెలుతురులో ఫొటోలు తీసి, దాయాదులందరికీ పంపండి. చెక్కుబందిలోని పేర్లు గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఉన్నప్పుడే వాళ్లకు ఆ కాగితాలు చదివి వినిపించండి.