‘ఇక్కడే ఎందుకు?’ అని అడగండి!

జాగ్రఫీ పేరెత్తితే చాలు, గ్రూప్స్‌కు సిద్ధమయ్యేవాళ్లు కూడా నీరుగారిపోతారు. నదుల పేర్లు, నేలల రకాలు, అక్షాంశాలు, రేఖాంశాలు... రాత్రంతా బట్టీ పట్టడం, పరీక్ష రాసొచ్చి మర్చిపోవడం. బడిపిల్లలదీ అదే తంతు. ఇంత బతికున్న సబ్జెక్టును ఇలా చంపుకోవడం చాలా అన్యాయం. ఏ గుట్టను చూసినా, ఏ వాగు దాటినా, ఏ బజారులో నిలబడినా ‘ఇది ఇక్కడే ఎందుకుంది?’ అని అడగడం మొదలుపెట్టండి. జవాబు దొరికేదాకా ఆ ప్రశ్నను వదలకండి. భూగోళ శాస్త్రంలోని మూల భావనలన్నీ ఈ ఒక్క ప్రశ్నలోంచే పుట్టాయి. ఆ అలవాటు పడితే మార్కులు వస్తాయి. ఇల్లు కొనేటప్పుడు, వ్యాపారం పెట్టేటప్పుడు, ఊరి మంచిచెడ్డలు మాట్లాడేటప్పుడు అక్కరకొచ్చే తెలివీ వస్తుంది.

ఓరుగల్లు వాసులకు ఈ చదువు మరీ సులువు. గుట్ట, కోట, చెరువు, నాలా, రైల్వే జంక్షన్, మార్కెట్ యార్డు అన్నీ సిటీ బస్సెక్కితే అందే దూరంలోనే ఉన్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

1. మీ ఊరి మధ్యాహ్నం ఎప్పుడో కనుక్కోండి

వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.6 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఈ అంకెలను కంఠస్థం చేసే ముందు డాబా మీదికెళ్లి ఓ నిటారు కర్ర నిలబెట్టండి. కర్కటరేఖకు, మకరరేఖకు మధ్యనున్న ప్రతి ఊళ్లోనూ ఏడాదికి రెండు రోజులు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మనకు మే రెండో వారంలో ఒకసారి, జులై చివర లేదా ఆగస్టు మొదట్లో ఇంకోసారి. ఆ రోజు కర్ర నీడ క్షణక్షణానికీ కురచబడి, చివరికి కర్ర మొదట్లోనే కలిసిపోతుంది. అక్షాంశం అంటే ఏమిటో ఆ నిమిషంలో అర్థమైనంతగా ఏ గైడు చదివినా అర్థం కాదు.

గడియారం చూడండి. పన్నెండు దాటి కొన్ని నిమిషాలై ఉంటుంది. ఎందుకు? భారత ప్రామాణిక కాలాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద లెక్కగడతారు. ఆ గీత కాకినాడకు దగ్గరగా పోతుంది. మనం దానికి దాదాపు 3 డిగ్రీలు పడమటన ఉన్నాం. ఒక్కో డిగ్రీ తిరగడానికి భూమికి 4 నిమిషాలు పడుతుంది. అంటే మన మిట్టమధ్యాహ్నం గడియారం కంటే సగటున 12 నిమిషాలు వెనక. కాలాన్ని బట్టి ఈ తేడా కాస్త పెరుగుతుంది, తగ్గుతుంది. లెక్క చిన్నదే. ఒకసారి చేతులారా చేసినవాడు రేఖాంశాల ప్రశ్నకు ఇక జన్మలో తడబడడు.

2. కాళ్ల కింది రాయితో మొదలుపెట్టండి

కోటలోని ఏకశిల గుట్ట ఎక్కి, బండ మీద అరచెయ్యి ఆనించండి. వరంగల్ కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. ఎండకు రాయి ఉబ్బుతుంది, రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది. పగుళ్లలోకి వాననీరు దిగి రాతిని లోపల్నుంచి మెత్తబరుస్తుంది. వేల ఏళ్లు ఇలా జరిగితే బండ పైభాగం ఉల్లిపొరలా పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. అంచులు ముందుగా అరిగిపోతాయి గనుకే మన గుట్టల మీది రాళ్లు గుండ్రంగా ఉంటాయి. శైథిల్యం అని పుస్తకం చెప్పేది దీన్నే.

ఇక్కడితో ఆగకండి. ‘తర్వాత?’ అని అడగండి. ఆ పెచ్చులు నలిగి ఇసుకై, అందులోని ఇనుము తుప్పు పట్టి, ఎర్ర చెల్క అవుతుంది. చెల్కలో తడి నిలవదు. వాన వెలిసిన కొన్నాళ్లకే ఆరిపోతుంది. నల్లరేగడి మాత్రం తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి పత్తికి అనువు. కింద గట్టి గ్రానైటు. వానలేమో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. నేల నీటిని దాచుకోలేనప్పుడు మనిషే దాచుకోవాలి. మన నేల మీద ఇన్ని చెరువులు ఎందుకున్నాయో తెలిసిందా? రాయి, మట్టి, పంట, చెరువు, అన్నీ ఒకే గొలుసు. వేర్వేరు అధ్యాయాలుగా చదివితే నాలుగు భారాలు. గొలుసుగా చదివితే ఒకే కథ.

వరంగల్‌కు ఈశాన్యాన ఉన్న పాలంపేట వెళ్తే రాయి మారుతుంది. 1213 నాటి రామప్ప గుడి గోడల్లో ఎర్రటి ఇసుకరాయి కనిపిస్తుంది. శిల్పులు చేతికందిన రాయిని చదివి దానికి తగ్గట్టు ఉలి పట్టారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు అందుకున్న ఆ గుడి ముందు నిలబడ్డప్పుడు, ఆ రాళ్ల వెనకున్న భూగోళ జ్ఞానాన్ని కూడా తలచుకోండి.

3. నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి

పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలంనాటివి. ఎనిమిది వందల ఏళ్లుగా నీళ్లిస్తున్నాయి. వాళ్ల గొప్పతనం కట్ట కట్టడంలో ఎంతుందో, చోటు ఎంచుకోవడంలోనూ అంతే ఉంది. చుట్టూ గుట్టలుండి, వాన నీరంతా ఓ ఇరుకు సందులోంచి బయటపడే చోటు వెతికారు. ఆ సందును మూశారు. తక్కువ మట్టితో ఎక్కువ నీళ్లు. చిన్న శ్రమకు పెద్ద ఫలితం కావాలంటే ఎక్కడ చెయ్యి వేయాలో ముందు చూసుకోవాలి. ఏ పనికైనా ఇదే సూత్రం.

ఈసారి వానాకాలంలో చెరువు నిండినప్పుడు మత్తడి దగ్గరికెళ్లి ఓ పది నిమిషాలు నిలబడండి. కట్ట కంటే తక్కువ ఎత్తులో కట్టిన రాతి అంచు మీంచి నీళ్లు పల్చటి తెరలా జారి, కింది వాగులో పడతాయి. ఆ వాగు వెంట నడిస్తే కింద ఇంకో చెరువు. దాని మత్తడి దుంకితే మరో చెరువు. ఇవే గొలుసుకట్టు చెరువులు. వాలు, ఎత్తు, పరీవాహక ప్రాంతం, ఈ మూడు భావనలూ కళ్ల ముందే పారుతుంటాయి.

ఇప్పుడు చూపు ఇంకాస్త పెద్దది చేయండి. ఉమ్మడి వరంగల్ జిల్లా రెండు మహానదుల మధ్య నీళ్లను పంచే గడ్డ. మేడారం దగ్గరి జంపన్నవాగు గోదావరిలో కలుస్తుంది. పాకాల వైపు నీళ్లు మున్నేరుగా మారి, ఆకేరును కలుపుకొని, ఖమ్మం మీదుగా కృష్ణకు చేరతాయి. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలో కాలనీలు మునిగాయి. ఎగువన మహబూబాబాద్, వరంగల్ జిల్లాల్లో కురిసిన కుండపోతే అక్కడికి చేరింది. ఆ వానకే ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలుపట్టాల కింది కట్ట కొట్టుకుపోయి, విజయవాడ మార్గంలో రైళ్లు ఆగిపోయాయి. నదీ పరీవాహకం అంటే బంధుత్వం. పైవాళ్లు చేసింది కిందివాళ్లకు చేరుతుంది. నాలాలో చెత్త పోసేటప్పుడు, చెరువు శిఖంలో మట్టి పోసేటప్పుడు ఈ మాట గుర్తుంటే మనం మంచి పౌరులమైనట్టే.

2020 ఆగస్టులో వరంగల్, హనుమకొండల్లోనే ఎన్నో కాలనీలు నీట మునిగాయి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అదే వానకు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తితే జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఇలాంటి రోజు మళ్లీ వస్తుంది. అందుకే చెబుతున్నా, ప్లాటు కొనే ముందు వాస్తు చూపిస్తారు కదా, వాలు కూడా చూడండి. పాత పటంలో అక్కడ ఏముందో, చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) గీత ఎక్కడిదాకా వస్తుందో కనుక్కోండి. ఆ వీధిలోని ముసలివాళ్లను ‘పెద్ద వాన పడితే నీళ్లు ఎందాక వచ్చేవి?’ అని అడగండి. జీవితకాలం కూడబెట్టిన డబ్బును కాపాడే ప్రశ్న అది.

4. వాతావరణం వేరు, శీతోష్ణస్థితి వేరు

ఈ రోజు వాన పడటం వాతావరణం. ఏటా భాద్రపద అమావాస్యకు తంగేడు, గునుగు విరబూసి, చెరువులు నిండి, వేయి స్తంభాల గుడి ముంగిట ఎంగిలిపూల బతుకమ్మ పేర్చడానికి వీలవ్వడం శీతోష్ణస్థితి. ఒకటి ఆ పూట ముచ్చట, రెండోది తరతరాల లెక్క. మన పండుగలు, కార్తెలు ఆ లెక్క మీదే నిలిచాయి.

మేలో విశాఖ కంటే వరంగల్ పగళ్లు ఎందుకంత మండుతాయి? సముద్రం దూరం. నీరు నిదానంగా వేడెక్కుతుంది, నేల త్వరగా కాగుతుంది. తీరంలో చల్లగాలి వస్తుంది, మనదాకా రాదు. ఒక్క పోలికతో ఒక భావన పట్టుబడింది. ఇలా రెండు ఊళ్లను పక్కపక్కన పెట్టి చూడటం నేర్చుకోండి.

5. జనం ఎక్కడ చేరతారో గమనించండి

1929లో కాజీపేట–బల్హార్షా రైలుమార్గం పూర్తవడంతో ఢిల్లీ, మద్రాసుల మధ్య నేరు దారి పడింది. కాజీపేట పెద్ద జంక్షనైంది. చుట్టూ పత్తి, ఊళ్లో రైలు. 1934లో ఆజంజాహీ బట్టల మిల్లు ఇక్కడే ఎందుకొచ్చిందో వేరే చెప్పాలా? ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి బస్తాలు బారులు తీరేదీ ఈ ముడిసరుకు, ఈ దారుల వల్లే. అయితే పత్తీ రైలూ ఉండగానే ఆ మిల్లు మూతపడింది. చోటు అవకాశాన్ని ఇస్తుంది. దాన్ని నిలబెట్టుకోవాల్సింది మనుషులు. ఈ రెండో సగాన్ని కూడా నేర్చుకోండి. రేపు ఓ చిన్న దుకాణం పెట్టాలన్నా ముందు దారి చూడండి, సరుకు ఎక్కణ్నుంచి వస్తుందో చూడండి, జనం ఎటు నడుస్తున్నారో చూడండి. ఆ తర్వాత మీ కష్టం, మీ నిజాయతీ.

6. పటాన్ని నమ్మండి, గీతల్ని ప్రశ్నించండి

2016 అక్టోబరులో ఉమ్మడి వరంగల్ ఐదు జిల్లాలైంది. 2019లో ములుగు ఏర్పడింది. 2021లో నగరం చుట్టూ ఉన్న రెండు జిల్లాలకు హనుమకొండ, వరంగల్ అని పేర్లు మారాయి. పాలన కోసం గీసిన గీతలు మారుతుంటాయి. వాగు మాత్రం తన వాలునే పారుతుంది. పాలనా ప్రాంతం, సహజ ప్రాంతం అనే తేడా ఇంతే.

స్కేలు నేర్చుకోవాలంటే సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటం తీసుకోండి. అందులో 2 సెంటీమీటర్లు నేల మీద 1 కిలోమీటరు. ఫోన్ మ్యాపులో కూడా టెర్రైన్ నొక్కి గుట్టలు, లోయలు చూడండి. ఫోను ‘ఎడమకు తిరగండి’ అంటే తిరిగిపోవడం కాదు, తూర్పు ఎటో మీకు తెలిసుండాలి.

ఈ వారం నుంచే మొదలుపెట్టండి

- మీ వీధి పటం చేత్తో గీయండి. ఉత్తరం గుర్తు, స్కేలు తప్పనిసరి.
- మీ వాకిట్లో పడిన వాన చుక్క ఏ నాలాలో, ఏ చెరువులో, ఏ నదిలో కలుస్తుందో రాయండి.
- చెల్క మట్టి, రేగడి మట్టి చెరో గుప్పెడు తడిపి, ఏది ముందు ఆరుతుందో చూడండి.
- వార్తల్లో వచ్చిన ప్రతి ఊరినీ పటంలో వెతికి, ‘ఇక్కడే ఎందుకు?’ అనే ప్రశ్నకు రెండు వాక్యాల్లో జవాబు రాయండి.
- ఊరికెళ్లినప్పుడు నాయనమ్మనో తాతయ్యనో అడిగి చెరువుల పేర్లు, అవి ఒకదాన్నుంచి ఒకటి నిండే క్రమం రాసుకోండి.

అమ్మానాన్నలకు ఒక విన్నపం. పిల్లలు ‘ఎందుకు?’ అన్నప్పుడు కసురుకోకండి. జవాబు తెలియకపోతే ‘పద, కలిసి చూద్దాం’ అనండి. అభ్యర్థులకు ఒక మాట. రోజుకు ఒక చోటు, ఒక ప్రశ్న, ఒక కారణం. ఏడాది తిరిగేసరికి మీ నోటుపుస్తకంలో మూడు వందలకు పైగా కారణాలుంటాయి, వాటిలో ఒక్కటీ బట్టీ పట్టింది కాదు. పరీక్ష గదిలో తెలియని ప్రశ్న ఎదురైనా కారణం నుంచి జవాబుకు నడిచి వెళ్లగల ధైర్యం మీకుంటుంది. కొలువు చేరాక ఓ చెరువు గురించో, ఓ రోడ్డు గురించో సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు దిగువన ఉన్న ఊళ్లు మీకు గుర్తొస్తాయి. ఈ చదువు అసలు ప్రయోజనం అదే.