ముందు రసీదు అడగండి

మన చిన్న పట్టణాల్లో మునిసిపాలిటీని తిట్టని మనిషి కనపడడు. టీ కొట్టు దగ్గర తిడతాం, పెళ్లి భోజనాల బంతిలో తిడతాం, వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి మరీ తిడతాం. ఆ తిట్లలో ఒక్కటీ ఆఫీసు రిజిస్టరు దాకా చేరదు. ‘తెలిసినవాళ్లుంటే గానీ పని కాదు’ అన్న నమ్మకం మనల్ని గడప దగ్గరే ఆపేస్తుంది. పలుకుబడి లేనివాడికీ ఒక బలం ఉంది. అది తేదీ వేసిన కాగితం.

ముందు ఎవరి పని ఏమిటో తెలుసుకోండి. కుళాయి నీళ్లు, వీధి రోడ్లు, దీపాలు ఇంజినీరింగ్ విభాగానివి. చెత్త, దోమల మందు సంగతి శానిటరీ ఇన్‌స్పెక్టరు చూస్తారు. ఇంటి ప్లాను, ఆక్రమణల గొడవ టౌన్ ప్లానింగ్‌ది. వీధి దీపం మాడిపోతే మునిసిపాలిటీని అడగాలి, కరెంటు తీగ వేలాడుతుంటే విద్యుత్ శాఖను అడగాలి. ఊరి నడిబొడ్డు నుంచి పోయే పెద్ద రోడ్డు చాలాచోట్ల ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల) శాఖది. దాని మీది గుంత కోసం మునిసిపల్ కమిషనరును నిలదీస్తే పొద్దు వృథా. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. ఆ రాష్ట్రంవాళ్లు ముందు సచివాలయంలోనే అడగడం మేలు.

ఇక అర్జీ. ‘మా వీధిలో కాలువ అధ్వానంగా ఉంది, తగు చర్య తీసుకోగలరు’ అని రాస్తే ఏ వీధో, ఏం చేయాలో ఎవరికి తెలుస్తుంది? వార్డు నంబరు, వీధి పేరు, దగ్గరలోని స్తంభం నంబరు రాయండి. కాలువ మీద పలక ఎప్పుడు విరిగిందో, ఆ దారిన ఎవరు నడుస్తారో రెండు వాక్యాల్లో చెప్పండి. ‘పలక మార్చండి’ అని కోరిక తేల్చి రాయండి. ఒక అర్జీకి ఒకే సమస్య. కుళాయి, కుక్కలు, కాలువ కలిపి రాస్తే ఆ కాగితం మూడు బల్లల మధ్య తిరుగుతుంది. ఇరుగుపొరుగు సంతకాలుంటే బరువు పెరుగుతుంది. రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతి మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోండి. ‘పెట్టి వెళ్లండి, చూస్తాం’ అంటారు. గొంతు పెంచకండి, నవ్వుతూ అక్కడే నిలబడండి. అరిచేవాణ్ణి మరిచిపోవడం ఆఫీసులకు బాగా అలవాటు.

పని జరగకపోతే సోమవారం కలెక్టరేటుకు వెళ్లండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఆ రోజే జరుగుతాయి. అప్పటికీ కదలకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. అయితే ‘ఎందుకు చేయలేదు’ అని అడిగితే దాటేస్తారు. ‘ఫలానా తేదీన ఇచ్చిన నా అర్జీ మీద తీసుకున్న చర్య ఏమిటి, సంబంధిత ఫైలు నకలు ఇవ్వండి’ అని అడగండి. చాలాసార్లు జవాబు కన్నా ముందు మేస్త్రీ వస్తాడు.

మొహమాటం దేనికి? 1919లో చీరాల, పేరాలను మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం 1921లో ఊరే ఖాళీ చేసి, బయట పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. మనం అడిగేది కాలువ పలకే.

మన వంతు పనులూ కొన్ని ఉన్నాయి. బిడ్డ పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయిస్తే రుసుము లేదు. ఏడాది దాటాక చేయించాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఏడాది ఇంటి పన్ను ఏప్రిల్ నెలాఖరులోగా మొత్తం కట్టేస్తే రెండు రాష్ట్రాల్లోనూ సాధారణంగా అయిదు శాతం రాయితీ ఇస్తారు. ఆ పన్ను రసీదు మీది అసెస్‌మెంట్ నంబరును ఇకపై మీరిచ్చే ప్రతి అర్జీలోనూ రాయండి.