బీదల మొఱ వినిన అధిపతి
(చదువవలసిన భాగము: నెహెమ్యా 3, 5 అధ్యాయములు)

క్రీ.పూ. 445లో నెహెమ్యా యెరూషలేమునకు వచ్చునప్పటికి ప్రాకారము కూలి, గుమ్మములు కాలిపోయి యుండెను. అతడు రాత్రివేళ స్వయముగా తిరిగి చూచి, తరువాత ప్రజలను పిలిచెను. యాజకులు, కంసాలులు, వర్తకులు పనికి వచ్చిరి. పలువురు తమ తమ యిండ్ల కెదురుగా కట్టిరి. షల్లూము కుమార్తెలును కట్టిరి. తెకోవ ఊరి గొప్పవారు మాత్రము మెడ వంచలేదు. (అట్టివారు ఏ ఊర లేరు?) ఆ ఊరి సామాన్యులే రెండు భాగములు కట్టిరి.

ఈ మూడవ అధ్యాయమును తరచుగా ప్రసంగింతుము, అయిదవదానిని దాటిపోదుము. పని నడుచుచుండగానే బీదలును వారి భార్యలును మొఱపెట్టిరి. ధాన్యమునకై పొలములు తాకట్టుపడెను, రాజు పన్నుకై అప్పు చేసిరి, బిడ్డలు దాసులైరి. అప్పిచ్చినవారు అన్యులు కారు, సొంత ప్రధానులే! గోడ ముగియనిండని నెహెమ్యా వారి నోరు మూయలేదు. మహాసభ కూర్చి అందరి యెదుట ప్రధానులను నిలదీసెను. పొలములను, వడ్డీని తిరిగి యిచ్చెదమని వారనగా, ఆ మాట చాలదని యాజకులను పిలిచి ప్రమాణము చేయించెను. తానును పండ్రెండు సంవత్సరములు అధిపతికి రావలసిన భోజనపు భత్యము తీసికొనలేదు. ప్రాకారము 52 దినములలో ముగిసెను.

అందరి యెదుట అడుగుటకు మనకును గ్రామసభ యున్నది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణనుబట్టి ఊరి ఓటర్ల జాబితాలోనున్న ప్రతివారును, కూలికి పోవు సహోదరియు, దానిలో సభ్యులే. ఈసారి దండోరా వేసినప్పుడు పదిమంది కలిసి వెళ్లి, బోరు మరమ్మతుకు ఎంత ఖర్చు వ్రాసిరో చదివి వినిపించుడని సర్పంచిగారిని మర్యాదగా అడుగుడి.