వరి కోత యంత్రాల టర్బో ఇంజన్లలో పొగ లీకులు, వదులయ్యే బోల్టులు: కారణాలు, నివారణ

పరిచయం

ఉమ్మడి వరంగల్ జిల్లాలో వరి కోతలో అధిక భాగం నేడు యంత్రాలతోనే జరుగుతోంది. వానాకాలపు తడి మళ్ళలో గొలుసు పట్టాలపై నడిచే హార్వెస్టర్లను, ఆరిన పొలాలలో టైర్ల హార్వెస్టర్లను వినియోగిస్తున్నారు. సస్యశాస్త్రజ్ఞులుగా మనం కోత సమయాన్ని, గింజలో ఉండవలసిన తేమ శాతాన్ని రైతుకు వివరిస్తాము. ఆ కోత కోసే ఇంజను స్థితిని గురించి మాత్రం అరుదుగా మాట్లాడతాము.

యాసంగి కోతలు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, గడ్డి పెళపెళలాడుతుంది, అకాల వర్షం, వడగళ్ళ భయం వెన్నంటి ఉంటుంది. అటువంటి సమయంలో యంత్రం రెండు రోజులు ఆగితే గింజ రాలిపోతుంది. యంత్రానికే నిప్పంటుకుంటే చేతికొచ్చిన పంటతోపాటు డ్రైవరు ప్రాణానికీ ముప్పే. ఈ రెండు నష్టాలకూ దారితీయగల ఒక చిన్న లోపం పొగ మార్గంలో వదులైన బోల్టు. దాని కారణాలను, నివారణను ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

టర్బో ఇంజను ప్రత్యేకత

స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లో పేటెంటు పొందిన ఆలోచనే నేటి టర్బోచార్జరుకు మూలం. వృథాగా పోయే పొగలోని శక్తితో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుపై ఉన్న రెండవ చక్రం ఇంజనులోకి అదనపు గాలిని నెడుతుంది. ఈ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగలదు. బరువు పని చేస్తున్నప్పుడు టర్బోకు ముందు పొగ ఉష్ణోగ్రత 500 నుంచి 700 డిగ్రీల వరకు ఉండవచ్చు.

రోడ్డుపై నడిచే వాహనానికి మధ్యమధ్య విశ్రాంతి దొరుకుతుంది. హార్వెస్టరుకు ఆ వెసులుబాటు లేదు. గంటల తరబడి దాదాపు పూర్తి భారంతో పని చేస్తుంది. ఈ విషయంలో దానికి దగ్గరి పోలిక పందేల ట్రాక్‌పై పరుగెత్తే టర్బో కారు. రెండింటిలోనూ అదే వేడి, అదే కంపనం, అవే లోపాలు. అయితే పందెపు కారును పరుగు ముగిసిన వెంటనే మెకానిక్‌లు బోల్టు బోల్టూ పరిశీలిస్తారు. మన హార్వెస్టరు మాత్రం ఒక పొలం నుంచి మరొక పొలానికి నేరుగా వెళ్ళిపోతుంది.

బోల్టు ఎందుకు వదులవుతుంది?

మొదటి కారణం వ్యాకోచం. పోత ఇనుము ప్రతి డిగ్రీకి మీటరుకు సుమారు 11 మైక్రోమీటర్లు పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ 500 డిగ్రీల మేర వేడెక్కితే దాని పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దానిని పట్టుకున్న ఇంజను హెడ్ అంతగా వేడెక్కదు. కనుక ప్రతి వేడికీ, ప్రతి చల్లదనానికీ రెండు ఫలకాలు ఒకదానిపై ఒకటి జారుతాయి.

రెండవది కంపనం. అడ్డంగా కలిగే కదలిక బోల్టును దానంతట అదే విప్పుకునేలా చేస్తుందని జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రయోగపూర్వకంగా వివరించారు. సాధారణ స్ప్రింగ్ వాషరు ఈ కదలికను ఆపలేదు.

మూడవది బరువు. సైలెన్సరు బరువంతా టర్బో అంచుపై వేలాడితే ప్రతి కుదుపుకూ ఆ బోల్టులు సాగుతాయి.

లీకు వల్ల నష్టాలు

టర్బోకు ముందు పొగ లీకైతే చక్రం వేగం తగ్గుతుంది, ఇంజనుకు గాలి చాలదు. డీజిలు పూర్తిగా కాలక నల్లని పొగ వస్తుంది, శక్తి తగ్గుతుంది. డ్రైవరు మరింత ఇంధనం ఇస్తాడు, పొగ ఇంకా వేడెక్కుతుంది, బోల్టులు ఇంకా వదులవుతాయి. ఈ విధంగా లోపం తనను తానే పెంచుకుంటుంది.

పొడి గడ్డి సుమారు 250 నుంచి 300 డిగ్రీల వద్ద అంటుకోగలదు. లీకు నుంచి వచ్చే వాయువు అంతకు రెట్టింపు వేడిగా ఉంటుంది. మానిఫోల్డ్ చుట్టూ పేరుకున్న పొట్టుకు, తాలుకు అది చాలు. డ్రైవరు పీల్చే గాలి కూడా ముఖ్యమే. డీజిలు పొగను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది.

గుర్తించే పద్ధతి

తెల్లవారి చల్లని ఇంజను ప్రారంభించినప్పుడు మానిఫోల్డ్ వద్ద 'టిక్ టిక్' శబ్దం వచ్చి, వేడెక్కిన తరువాత తగ్గితే గ్యాస్కెట్ లీకును అనుమానించాలి. అతుకుల వద్ద నల్లని మసి చారలు మరొక గుర్తు. నిర్ధారణకు ఇంజను ఆపి, పూర్తిగా చల్లారిన తరువాత పొగ గొట్టంలోకి తక్కువ ఒత్తిడితో గాలి పంపి, అతుకులపై సబ్బు నీరు రాయాలి. బుడగలు వచ్చిన చోటే లీకు. నడుస్తున్న ఇంజను వద్ద చేతితో వెతకరాదు.

నివారణ చర్యలు

1. బోల్టును చేతి అంచనాతో కాక టార్క్ రెంచ్‌తో బిగించాలి. 25 సెంటీమీటర్ల పానాపై 20 కిలోల బలం వేస్తే సుమారు 49 న్యూటన్ మీటర్లు వస్తుంది. సాధారణ 10 మిల్లీమీటర్ల, 8.8 తరగతి బోల్టుకు ఇది దాదాపు సరిపోతుంది. అదే పానాకు పైపు తొడిగి మీటరు పొడవు చేస్తే నాలుగింతలై బోల్టు తెగుతుంది. కచ్చితమైన విలువను యంత్రపు మాన్యువల్ నుంచే తీసుకోవాలి.

2. మనం వేసే బలంలో దాదాపు 90 శాతం ఘర్షణకే పోతుంది. అందువల్ల మరలను తుప్పు, మసి లేకుండా శుభ్రం చేయాలి. మాన్యువల్ చెప్పనిదే నూనె రాయరాదు. నూనె రాస్తే అదే టార్క్‌కు బోల్టు అతిగా సాగుతుంది.

3. మాన్యువల్ వేరే క్రమం చెప్పకపోతే మధ్య బోల్టుతో మొదలుపెట్టి చివరలకు సాగాలి. ఒకేసారి కాక రెండు మూడు దఫాలుగా బిగించాలి. కొత్త గ్యాస్కెట్ వేసిన తరువాత, తయారీదారు సూచిస్తే, ఒకసారి వేడెక్కి చల్లారిన పిదప మళ్ళీ సరిచూడాలి.

4. నైలాన్ రింగు ఉన్న నట్లు సుమారు 120 డిగ్రీల వరకే పనికివస్తాయి. పొగ మార్గంలో పూర్తి లోహపు లాక్ నట్లనే వాడాలి. సాగిన స్టడ్లను, ఒకసారి నలిగిన గ్యాస్కెట్లను తిరిగి వాడరాదు.

5. మానిఫోల్డ్ అంచు వంకరను స్కేలు, ఫీలర్ గేజ్‌లతో పరీక్షించాలి. వంగిన అంచును బోల్టు బిగించి సరిచేయలేము. దానిని మెషీన్ షాపులో చదును చేయించాలి.

6. సైలెన్సరు బరువును ఇంజనుకే అమర్చిన బ్రాకెట్ మోయాలి. చాసిస్‌కు కట్టవలసి వస్తే మధ్యలో వంగే గొట్టం తప్పనిసరి.

7. బిగించిన నట్టుపై, దాని పక్కన ఉన్న లోహంపై ఒకే గీతగా రంగు పూయాలి. నట్టు కదిలితే గీత విరుగుతుంది. రోజూ ఉదయం ఒక్క చూపుతో తెలిసిపోతుంది.

8. ఆపే ముందు 3 నుంచి 5 నిమిషాలు తక్కువ వేగంలో నడపాలి. చల్లారిన తరువాత పొట్టు తొలగించాలి. డ్రై పౌడర్ అగ్నిమాపకాన్ని డ్రైవరుకు అందే చోట ఉంచాలి. కాలిన మానిఫోల్డ్‌పై చన్నీళ్ళు పోస్తే పోత ఇనుము పగులుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

హార్వెస్టరు యజమాని, డ్రైవరు, రైతు ముగ్గురూ వేర్వేరు వ్యక్తులు. యజమాని దూరాన ఉంటాడు. డ్రైవరుకు ఎకరాల లెక్క ముఖ్యం. నష్టపోయేది రైతు. కనుక బోల్టు సంగతి ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. ఈ లోటును పూడ్చగలవారు విస్తరణ సిబ్బందే. మామునూరు, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రాల వంటి చోట్ల కోతలకు రెండు వారాల ముందు డ్రైవర్లకు ఒక పూట శిక్షణ ఇవ్వవచ్చు. ఒక టార్క్ రెంచ్, ఒక రంగు డబ్బా, ఒక పాత మానిఫోల్డ్ ఉంటే బోధనకు చాలు. యంత్రాన్ని పొలంలోకి దించే ముందు రంగు గీతలు చూపమని అడిగే అలవాటును రైతులకు నేర్పాలి. విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో ఏ బోల్టు ఎన్ని గంటలకు వదులవుతున్నదో నమోదు చేస్తే, మన నేలలకు, మన ఎండలకు తగిన తనిఖీ వ్యవధిని నిర్ణయించవచ్చు.

ముగింపు

పొగ లీకు, వదులైన బోల్టు రెండు వేర్వేరు లోపాలు కావు, ఒకటి రెండవదానికి దారి తీస్తుంది. రోజుకు పది నిమిషాల పరిశీలనతో ఈ వలయాన్ని మొదట్లోనే ఆపవచ్చు. విత్తనం నుంచి కోత వరకు రైతుకు తోడుండే మన సిఫారసుల పట్టికలో చివరి వరుసగా ఈ తనిఖీని కూడా చేర్చవలసిన అవసరం ఉంది.